ఒడిశా గట్టున పోలింగ్ రోజు: టేబులు ఎంత దూరంలో, ఏజెంటుగా ఎవరు, ఆటో తోలొచ్చా?

మహేంద్రతనయ గట్టు అడిగిన ప్రశ్న

నమస్కారమండీ. గజపతి జిల్లాలో, పర్లాకిమిడి అసెంబ్లీ కింద ఆంధ్రా గట్టుకు ఆనుకున్న పల్లెల సంగతి అడుగుతున్నాను. ఊళ్లో సగం పైన తెలుగువాళ్లే. ఓటర్ల లిస్టు ఒడియాలో వస్తుంది, బూత్ లోపల స్టాఫూ ఒడియావాళ్లే. అందుకని బయట టేబులు వేసి వరస నంబరు వెతికి స్లిప్పు రాసిచ్చేవాళ్లు లేకపోతే ముసలివాళ్లు తికమకపడతారు. ఆ పని చేసే కుర్రాళ్లకు ముందే అన్నీ చెప్పి పెట్టాలి.

టేబులు బడి నుంచి 200 మీటర్లు అవతల వేయాలని ఒకరు, 100 చాలని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం? ఒకే బడిలో రెండు బూత్‌లుంటే రెండు టేబుళ్లా? స్లిప్పు తెలుగులో రాసివ్వొచ్చా, గుర్తు ఉండొచ్చా? పాతపట్నంలో ఓటున్న మనిషి, అటువైపు చాలాసార్లు ఏజెంటుగా కూర్చున్నవాడు, ఇటు మన బూత్‌లో కూర్చోవచ్చా? నడవలేనివాళ్లను ఆటోలో తెస్తే తప్పా? ఇంకోటి, బడి ఎదురింటి డాబా మీద ఏడాది పొడుగునా ఒక పార్టీ జెండా ఉంటుంది. ఆ రోజు తీయమనొచ్చా?

తెలిసినవాళ్లు సెక్షన్లతో చెప్పండి. "మా ఊళ్లో అలాగే చేశారు" అంటే సెక్టార్ ఆఫీసరు (కొన్ని బూత్‌ల మీద అజమాయిషీ చేసే ఎన్నికల అధికారి) ముందు నిలబడదు.

కాశీనగరం మాస్టారు

ముందు టేబులు సంగతి. అభ్యర్థి తరఫున వేసే ఆ చిన్న ఏర్పాటునే ఎన్నికల బూత్ అంటారు. ఒక టేబులు, రెండు కుర్చీలు, పైన ఎండ తగలకుండా గొడుగో టార్పాలినో. అంతే. చుట్టూ గుడ్డ కట్టి గదిలా చేస్తే పీకేస్తారు. స్థానిక అధికారి దగ్గర ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఆ కాగితం టేబులు దగ్గరే పెట్టుకోవాలి. పోలీసు వచ్చి అడిగినప్పుడు "నాయకుడి దగ్గరుంది" అంటే కుదరదు. ఒకే ఆవరణలో రెండు పోలింగ్ బూత్‌లున్నా, మూడున్నా ఒక అభ్యర్థికి ఒకటే టేబులు. దూరం 200 మీటర్లు.

స్లిప్పు తెల్ల కాగితం మీదే ఉండాలి. పార్టీ పేరు, అభ్యర్థి పేరు, గుర్తు ఏవీ ఉండకూడదు. పార్టీ రంగు కాగితం కూడా వద్దు. తెలుగులో రాయకూడదని ఎక్కడా లేదు గానీ, పనికొచ్చేవి రెండే: భాగం నంబరు (ఏ బూత్ లిస్టో చెప్పేది), వరస నంబరు. లోపల మొదటి పోలింగ్ ఆఫీసరు చూసేవి ఆ అంకెలే. 1, 2, 3 అని మామూలు అంకెల్లో పెద్దగా రాయండి. పేరు తెలుగులో రాసినా, ఒడియాలో రాసినా ఆయనకు అడ్డం కాదు.

ఎక్కువ తప్పులు జరిగేది భాగం నంబరు దగ్గర. ఒకే బడిలో రెండు బూత్‌లుంటే వరస నంబరు 312 రెండు లిస్టుల్లోనూ ఉంటుంది. భాగం నంబరు రాయకపోతే ముసలావిడ ఒక క్యూలో గంట నిలబడి, లోపలికెళ్లాక "ఇక్కడ కాదమ్మా, పక్క గది" అనిపించుకుంటుంది. రెండు లిస్టులనూ వేర్వేరు ఫైళ్లలో పెట్టి, ఒక్కో కుర్చీకి ఒక్కోటి ఇచ్చేయండి.

స్లిప్పు గుర్తింపు కాదన్న సంగతి కూడా టేబులు దగ్గరే చెప్పాలి. బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) ఇంటికి తెచ్చి ఇచ్చే అధికారిక చీటీ కూడా 2019 నుంచి గుర్తింపుగా చెల్లదు. ఓటరు కార్డు, లేదా ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పింఛను పత్రం, వికలాంగుల యూడీఐడీ కార్డు వంటి 12 పత్రాల్లో ఒకటి చేతిలో ఉండాలి. మన పల్లెల్లో చాలామందికి జాబ్ కార్డు ఉంటుంది, అది చాలు.

పేరు స్పెల్లింగు గొడవ మన వైపు మామూలే. తెలుగు ఇంటిపేరు ఒడియాలోకి వెళ్లేసరికి ఇంకోలా మారుతుంది. మనిషి ఫలానా అని తేలితే అక్షర దోషాల్ని పట్టించుకోవద్దన్నది కమిషన్ మాటే. కార్డు వేరే నియోజకవర్గంలో ఇచ్చినదైనా, పేరు ఈ బూత్ లిస్టులో ఉంటే ఓటు ఉన్నట్టే. లిస్టులో పేరు లేకపోతే మాత్రం కొత్తగా మెరిసిపోయే కార్డు ఉన్నా లాభం లేదు.

బరంపురం కోర్టు వీధి

మాస్టారు చెప్పినదంతా బాగుంది, దూరం తప్ప. 200 మీటర్లు పాత మాట. 2025 మే 23న ఎన్నికల కమిషన్ దాన్ని మార్చింది. ఓటరు స్లిప్పులిచ్చే టేబులు ఇప్పుడు పోలింగ్ కేంద్రానికి 100 మీటర్ల అవతల పెట్టుకోవచ్చు. ఆ ఏడాది నవంబరు బిహార్ ఎన్నికలు ఈ లెక్కతోనే జరిగాయి. పాత హ్యాండ్‌బుక్కులు ఇంకా చేతులు మారుతుండటం వల్లే ఈ తగువు. 100 అని తెలిసినా నేనైతే 120 అడుగులేసి ఆపమనను, టేపుతో కొలిచి 110 మీటర్ల దగ్గర వేయమంటాను. అడుగులతో కొలిస్తే పొడుగు కాళ్లవాడికి ఒక లెక్క, పొట్టివాడికి ఇంకో లెక్క.

ఇక్కడ రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తున్నారు. టేబులు దూరం కమిషన్ ఆదేశం, అది మారొచ్చు. ప్రచార నిషేధం మాత్రం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 130వ సెక్షన్, అది మొదటి నుంచీ 100 మీటర్లే. ఆ హద్దు లోపల ఓటు అడగకూడదు, ఫలానావాడికి వేయొద్దనకూడదు, అసలు ఓటే వేయొద్దని కూడా అనకూడదు, ఎన్నికకు సంబంధించిన బోర్డు గానీ గుర్తు గానీ చూపకూడదు. శిక్ష 250 రూపాయల దాకా జరిమానా. నలుగురి టిఫిను ఖర్చు కాదు కదా అని నవ్వేవాళ్లున్నారు. కానీ వారంటు లేకుండా పోలీసు పట్టుకెళ్లగలిగే నేరం అది. పోలింగ్ రోజు పొద్దున 9కి కుర్రాణ్ని స్టేషన్లో కూర్చోబెడితే టేబులు ఖాళీ అయిపోతుంది. అసలు నష్టం అది.

ఎదురింటి జెండాకు కూడా ఇదే జవాబు. సెక్షన్‌లో "బహిరంగ స్థలమైనా, ప్రైవేటు స్థలమైనా" అని స్పష్టంగా ఉంది. 100 మీటర్లలోపు డాబా సొంతవాడిదే అయినా జెండా దించాల్సిందే. మీరు వెళ్లి పీకొద్దు, అది ఇంకో కేసవుతుంది. ముందు రోజు సాయంత్రం పోలింగ్ సిబ్బంది దిగినప్పుడు సెక్టార్ ఆఫీసరుకు కాగితం మీద రాసివ్వండి. కండువా, టోపీ, జేబుకి గుర్తు ఉన్న బిళ్ల, కీచైన్ అన్నీ దీని కిందకే వస్తాయి.

మైకు, గోల సంగతి 131వ సెక్షన్. బూత్ గుమ్మం దగ్గర గానీ చుట్టుపక్కల గానీ లౌడ్‌స్పీకరు వాడినా, లోపలివాళ్ల పనికి అడ్డం వచ్చేలా కేకలేసినా మూడు నెలల దాకా జైలు. మైకు సెట్టు పోలీసులు పట్టుకుపోతారు. ఇందులో మీటర్ల లెక్క లేదు. వినపడితే చాలు. పక్క వీధిలో పెళ్లి పాటలు కూడా ఆ రోజు కాస్త తగ్గించుకోవడం నయం.

ఫోన్ల రూలు కూడా అదే ఆదేశంతో మారింది. ఇదివరకు 100 మీటర్లలోపు ఫోనే తేకూడదనేవారు. ఇప్పుడు స్విచాఫ్ చేసి బూత్ గుమ్మం దాకా తేవచ్చు, అక్కడ అరల పెట్టెలోనో గోనె సంచిలోనో అప్పజెప్పి లోపలికెళ్లాలి. ఓటు వేస్తూ సెల్ఫీ తీస్తే రహస్య ఓటు నియమం తప్పినట్టే. చెప్పినా వినకపోతే ప్రిసైడింగ్ ఆఫీసరు ఆ ఓటరును ఓటు వేయనివ్వకుండా 17ఏ అనే ఓటర్ల రిజిస్టరులో ఆ సంగతి రాసేయొచ్చు.

మహేంద్రతనయ గట్టు

చాలా థాంక్స్ అండీ. 100, 200 తగువు తీరింది. ఏజెంటు, ఆటో మాటేమిటి మరి? ఆ పాతపట్నం ఆయన ఊరికే కూర్చునే మనిషి కాదు, మాక్ పోల్ (అసలు పోలింగుకు ముందు మెషిన్ను పరీక్షించే ఉత్తుత్తి పోలింగ్) లెక్కలు నోటికొచ్చు. ఇటువాళ్లకు అంత అనుభవం లేదు.

గుణుపురం దారి

కుదరదు బాబూ. పోలింగ్ ఏజెంటు ఆ బూత్ పరిధిలో ఉండే ఓటరు అయ్యుండాలి. దొరక్కపోతే అదే అసెంబ్లీ నియోజకవర్గంలో ఇంకో బూత్ ఓటరు ఎవరైనా కూర్చోవచ్చు. పాతపట్నం ఇంకో నియోజకవర్గం, అదీ ఇంకో రాష్ట్రం. ఏరు దాటితే వచ్చేంత దగ్గరే అయినా చట్టానికి అది శ్రీకాకుళం జిల్లాయే.

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది, సరిహద్దు ఊళ్లలో చాలామంది మరిచేది. పోలింగ్ ముగిసే గంటకు ముందు 48 గంటలు 126వ సెక్షన్ కింద సభలు, ఊరేగింపులు బంద్. ఆ గడియ మొదలవగానే ఆ నియోజకవర్గంలో ఓటులేని, బయటి నుంచి ప్రచారానికొచ్చిన పార్టీ మనుషులు నియోజకవర్గం వదిలి వెళ్లిపోవాలి. లాడ్జీలు, కల్యాణ మండపాలు, సత్రాలు తనిఖీ చేసేది ఇందుకే. చెక్‌పోస్టుల దగ్గర ఆపేదీ ఇందుకే. చుట్టపుచూపుగా వచ్చాడంటే ఎవరూ పట్టుకోరు, కండువాతో టేబులు దగ్గర కనపడితే పట్టుకుంటారు. కనుక ఆయన్ని లోపలే కాదు, టేబులు దగ్గర కూడా కూర్చోబెట్టకండి. ఆయనకు తెలిసింది వారం ముందే మీవాళ్లకు నేర్పించి పంపేయండి. అది మాత్రం తప్పు కాదు.

ఆయన నేర్పాల్సినవేంటో చెబుతాను. అభ్యర్థి గానీ ఎన్నికల ఏజెంటు గానీ సంతకం చేసిన ఫారం 10 పట్టుకెళ్లాలి. ఒక ఏజెంటు, అతని బదులు కూర్చునే ఇద్దరు రిలీవర్లు ఉండొచ్చు, కానీ ఒక్కసారికి ఒక్కరే లోపల. 7కి పోలింగ్ మొదలైతే 5:30కల్లా మాక్ పోల్. ఏజెంట్లు రాకపోతే 15 నిమిషాలు చూసి, తర్వాత వాళ్లు లేకుండానే కానిచ్చేస్తారు. కాబట్టి ఆరింటికొచ్చి "నేను చూడలేదు" అంటే వినేవాళ్లుండరు. కనీసం 50 ఓట్లు వేస్తారు, నోటాతో కలిపి ప్రతి మీటా నొక్కుతారు. తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్, ఈ వరసలోనే. క్లియర్ మరిచి అసలు పోలింగ్ మొదలెట్టేస్తే ఆ 50 ఓట్లు లెక్కలో కలిసిపోతాయి. మీ మనిషి కళ్లు పెట్టుకు చూడాల్సింది అక్కడ. క్లియర్ అయ్యాక మొత్తం సున్నా చూపించమనాలి. వీవీప్యాట్ (వేసిన ఓటును స్లిప్పు మీద చూపే యంత్రం) డబ్బాలోని మాక్ స్లిప్పులన్నీ తీసి, ముద్ర వేసి, నల్ల కవరులో పెట్టి సీలు చేస్తారు. డబ్బా ఖాళీ అయిందో లేదో తొంగి చూడమనండి.

ఏజెంటు ఫోను తీసుకెళ్లకూడదు. తన దగ్గరున్న ఓటర్ల లిస్టును మధ్యలో బయటికి తేకూడదు, భోజనానికి లేస్తే ప్రిసైడింగ్ ఆఫీసరు దగ్గరే వదిలి వెళ్లాలి. ఎవరెవరు ఇంకా రాలేదో నంబర్లు చీటీ మీద రాసి బయటికి పంపడం పాత అలవాటు. అదీ నిషేధమే.

దొంగ ఓటు అనుమానం వస్తే అరవొద్దు. రెండు రూపాయలు కట్టి ఛాలెంజ్ చేయాలి. అప్పుడు ప్రిసైడింగ్ ఆఫీసరు విచారించి తేలుస్తాడు. రెండు రూపాయలేనా అని నవ్వొద్దు, రూలు అలాగే ఉంది. చిల్లర నాణేలు నాలుగు జేబులో వేసుకెళ్లమనండి, 500 నోటు ఇస్తే ఆ పొద్దున్నే ఎవడి దగ్గరా చిల్లర ఉండదు. అసలు ఓటరు వచ్చేసరికి ఆ పేరు మీద ఎవడో వేసేసి ఉంటే, ఆ మనిషి ఊరికే వెనక్కి రానక్కర్లేదు. టెండర్ ఓటు అడగాలి. మెషిన్లో కాదు, కాగితం మీద వేయిస్తారు, 17బీలో సంతకం తీసుకుంటారు. మామూలు లెక్కింపులో అది కలవదు. అయినా నమోదై ఉంటుంది, కోర్టుకెళ్తే పనికొస్తుంది.

బరంపురం కోర్టు వీధి

ఆటో మాటకు ఎవరూ జవాబివ్వలేదు గనక చెబుతాను. అభ్యర్థి గానీ, అతని ఏజెంటు గానీ, వాళ్ల సమ్మతితో ఇంకెవరైనా గానీ ఓటర్లను ఉచితంగా బండిలో బూత్‌కు తేవడం 123(5) కింద అవినీతి పద్ధతి. గెలిచిన ఎన్నికే కొట్టేయించేంత పెద్ద తప్పు. 133వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, జరిమానా కూడా. ఆటోకు పార్టీ డబ్బిచ్చి "ముసలమ్మని దింపిరా" అంటే అదే ఇది. మనవడు సొంత బండి మీద నాయనమ్మను తెస్తే తప్పు కాదు. ఓటరు తన డబ్బుతో మామూలు సర్వీసు ఆటో ఎక్కినా తప్పు కాదు.

నడవలేనివాళ్లకు సరైన దారి వేరే ఉంది. 85 ఏళ్లు దాటినవాళ్లూ, 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నవాళ్లూ ముందుగా 12డీ ఫారం ఇస్తే ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటారు. నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోపు అది బీఎల్ఓకు చేరాలి. మీ కుర్రాళ్లు టేబులు కన్నా ముందు ఈ ఫారాల పని చూస్తే ఆటో అవసరమే సగం తగ్గుతుంది.

చూపులేనివాళ్లకు, చేయి ఆడనివాళ్లకు తోడు రావొచ్చు. తోడు వచ్చినవాడికి 18 నిండి ఉండాలి, అతని కుడి చూపుడువేలుకు సిరా పెడతారు. ఒక రోజులో ఒక్కరికే తోడు. ఒకే మనిషి ఊళ్లోని ముసలివాళ్లందరినీ చేయి పట్టుకు తీసుకెళ్లడం ఇందుకే కుదరదు.

జివతి కొండ మీద

మహారాష్ట్ర వైపు నుంచి ఒక మాట. చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలో పరందోళి, ముకదంగూడ, మహారాజ్‌గూడ, అంతాపూర్ లాంటి ఊళ్లు మావంటే మావని మహారాష్ట్ర, తెలంగాణ రెండూ అంటాయి, అక్కడ రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నవాళ్లున్నారని అందరికీ తెలిసిందే. ఇటు రాజురా అసెంబ్లీ, అటు ఆసిఫాబాద్ అసెంబ్లీ. 2024 లోక్‌సభకు చంద్రపూర్‌లో ఏప్రిల్ 19న, ఆదిలాబాద్‌లో మే 13న పోలింగ్. తేదీలు వేరు గనక రెండు చోట్లా వేయొచ్చనుకోవడం తప్పు. ఒకే సార్వత్రిక ఎన్నికలో రెండు లోక్‌సభ స్థానాల్లో ఓటు వేస్తే 1951 చట్టం 62(3) కింద రెండూ చెల్లవు. అసెంబ్లీలకు వేర్వేరు ఏడాదుల్లో ఎన్నికలొస్తాయి, అప్పుడేం పట్టదు అనేవాళ్లకు 1950 చట్టం 17వ సెక్షన్ ఉంది: అసలు రెండు నియోజకవర్గాల లిస్టుల్లో పేరు ఉండటానికే వీల్లేదు. దరఖాస్తులో అబద్ధం రాస్తే 31 కింద ఏడాది దాకా జైలు. మీ వైపు ఒడిశా, ఆంధ్రా రెండూ మావనే కొటియా ఊళ్లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ 2024లో రెండు రాష్ట్రాల పోలింగూ మే 13నే జరిగింది. ఊరు ఎవరిదన్న తగువు ప్రభుత్వాలది, పేరు ఒక్క చోటే ఉంచుకోవాల్సింది ఓటరు. ఇల్లు మారితే ఫారం 8, ఒకచోట తీసేయించుకోవాలంటే ఫారం 7.

మౌన గడియ, అంటే 126 కింద ప్రచారం ఆగే ఆ 48 గంటల లెక్క కూడా జాగ్రత్త. 48 గంటలు పోలింగ్ ముగిసే వేళ నుంచి వెనక్కి లెక్కేయాలి, అందరికీ సాయంత్రం 6 కాదు. 2024 లోక్‌సభలో గడ్చిరోలి జిల్లా అహేరి సెగ్మెంటులో, అంటే మన తెలుగువాళ్ల సిరొంచ ఉన్న చోట, పోలింగ్ మధ్యాహ్నం 3కే ముగిసింది. అక్కడ ప్రచారం రెండు రోజుల ముందు 3కే ఆగాలి. పక్క జిల్లా చూసి సాయంత్రం దాకా మైకు తిప్పితే రెండేళ్ల దాకా శిక్ష పడే 126 కేసు.

కాశీనగరం మాస్టారు

దూరం విషయంలో సవరించినందుకు కోర్టు వీధివారికి కృతజ్ఞతలు. నా దగ్గరున్నది పాత పుస్తకమే.

రెండు చిన్న మాటలు. ఒడిశాలో అసెంబ్లీ, లోక్‌సభ కలిసి వస్తాయి గనక లోపల రెండు మెషిన్లుంటాయి. తెల్ల కాగితం ఉన్నది ఎంపీకి, గులాబీది ఎమ్మెల్యేకి. ఒక బీప్ వినగానే పని అయిపోయిందని వచ్చేసేవాళ్లుంటారు. "రెండు మీటలు, రెండు బీప్‌లు, రెండుసార్లు ఏడేసి సెకన్లు స్లిప్పు కనపడుతుంది" అని టేబులు దగ్గర చెప్పొచ్చు. పార్టీ పేరు ఎత్తనంత వరకు అది ప్రచారం కాదు. ముగిసే వేళకు క్యూలో ఉన్నవాళ్లందరికీ ఓటు ఉంటుంది. ప్రిసైడింగ్ ఆఫీసరు చీటీలు చివరి మనిషి నుంచి మొదలెట్టి ముందుకు పంచుతూ వస్తాడు. చీకటి పడుతోందని ఎవరినీ ఇంటికి పోనివ్వకండి.

ఇదంతా అసెంబ్లీ, లోక్‌సభలకే. సర్పంచి ఎన్నికకు రాష్ట్ర ఎన్నికల కమిషన్, 1964 నాటి ఒడిశా గ్రామ పంచాయతీల చట్టం. అప్పుడు ఈ సెక్షన్ నంబర్లు పట్టుకెళ్తే బ్లాకాఫీసులో నవ్వుతారు.

మహేంద్రతనయ గట్టు

ఎదురింటి జెండా ఫొటో తీసి సీ-విజిల్‌లో (ఎన్నికల కమిషన్ ఫిర్యాదుల యాప్) పెట్టొచ్చా?

బరంపురం కోర్టు వీధి

పెట్టొచ్చు. కానీ పాత ఫొటో గ్యాలరీ నుంచి ఎక్కించలేరు, ఆ యాప్‌లోనే అక్కడికక్కడ తీయాలి. 100 నిమిషాల్లో తేల్చాలని లెక్క. పోలింగ్ రోజున 100 మీటర్ల లోపల ఫోను ఆన్ చేయకూడదు గనక ముందు రోజే తీసేయండి, లేకపోతే హద్దు బయట నిలబడి జూమ్ చేయండి. యాప్ మొరాయిస్తే 1950 హెల్ప్‌లైన్‌కి ఫోను చేయండి.